విక్రాంత్ డెక్కు మీద పనిచేసిన చేతులు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో చదువు గురించీ, కట్నాల గురించీ, వక్ఫ్ ఆస్తుల గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. అవి అవసరమైన సంగతులే, కాదనను. ఈసారి కార్యదర్శి గారు మాత్రం, "మాస్టారూ, మన బుజుర్గుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. బుజుర్గులనగానే మనకు నవాబులూ, ఉలమాలూ, షాయిర్లూ గుర్తుకొస్తారు. నేను ఈరోజు వారి గురించి చెప్పబోవడం లేదు. అసర్ నమాజు తరువాత మసీదు అరుగు మీద కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటూ ఉంటారే, మనం సలాం చేస్తే ఒక చెవి ముందుకు పెట్టి "ఏమన్నావ్ బేటా?" అంటారే, అలాంటి పెద్దల గురించి చెప్పదలిచాను. ఆ రెండో చెవి ఎందుకు వినపడటం లేదో మనలో ఎంతమందిమి అడిగాం?

మన విశాఖ నౌకాదళ పట్టణం. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. నౌకాదళంలో పదిహేనేళ్ళో, ఇరవయ్యేళ్ళో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినవారు ప్రతి పేటలోనూ ఉన్నారు. అన్ని మతాలవారూ, అన్ని రాష్ట్రాలవారూ ఉన్నారు. వారిలో కొందరు విమానాలను మోసే ఓడ మీద, జెట్ యుద్ధవిమానాల మధ్య పనిచేశారు. వారు విమానం నడిపినవారు కారు. నడిపేవారి చేతికి విమానాన్ని సిద్ధం చేసి అప్పగించినవారు. ఇద్దరు ముగ్గురు పెద్దల దగ్గర నేను వారం వారం కూర్చుని విన్న సంగతులు, ఆ ఓడ చరిత్రలో నమోదైన సంగతులు కలిపి మీ ముందు పెడుతున్నాను. వారు తమ పేర్లు చెప్పవద్దన్నారు. "పేరెందుకు మాస్టర్ సాబ్, పని చెప్పండి చాలు" అన్నారు. ఉర్దూలో వారు చెప్పిన మాటల్ని తెలుగులో చెబుతున్నాను.

ఆ ఓడ సంగతి

రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1943లో బ్రిటిష్ వారు "హెర్క్యులిస్" అనే పేరుతో ఒక విమానవాహక నౌకను కట్టడం మొదలుపెట్టారు. 1945లో దాన్ని నీళ్ళలోకి దించేసరికి యుద్ధం ముగిసిపోయింది. పని మధ్యలో ఆగి, ఓడ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. 1957లో మన ప్రభుత్వం దాన్ని కొని బెల్ఫాస్ట్ నగరంలో పూర్తి చేయించింది. 1961 మార్చి 4న విజయలక్ష్మీ పండిట్ గారి సమక్షంలో అది ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ అయింది. ఆ సంవత్సరమే మే 18న లెఫ్టినెంట్ తహిలియానీ దాని మీద మొదటి జెట్ విమానాన్ని దించారు. ఆయనే తరువాత 1984 నుంచి 1987 వరకు నౌకాదళాధిపతిగా పనిచేశారు. ప్రపంచంలో మొట్టమొదటిసారి ఒక జెట్ విమానం ఓడ మీద దిగింది 1945 డిసెంబరు 3న. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఎరిక్ బ్రౌన్ ఆ పని చేశారు. అది జరిగి పదహారేళ్ళు నిండకముందే మనవాళ్ళు కూడా ఆ విద్య చేతపట్టారన్నమాట.

విక్రాంత్ పొడవు 700 అడుగులు. మామూలు విమానాశ్రయంలో పరుగు బాట వేల అడుగులు ఉంటుంది. ఇక్కడ ఆ 700 అడుగుల్లోనే విమానం ఎగరాలి, దిగాలి, మిగిలిన విమానాలు పక్కన నిలబడి ఉండాలి. పైగా విమానాశ్రయంలో నేల కదలదు. ఇక్కడ నేలే ఊగుతూ ఉంటుంది.

మరి అంత చిన్న జాగాలోంచి జెట్ విమానం ఎలా లేస్తుంది? పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. వడిసెలలో రాయి పెట్టి విసురుతాం చూడండి, అలాంటిదే ఒక యంత్రం డెక్కు కింద ఉంటుంది. దాన్ని క్యాటపుల్ట్ అంటారు. అది ఆవిరితో పనిచేస్తుంది. విమానం పొట్ట కింద ఉన్న కొక్కేలకు ఉక్కు తాడు తగిలించి, ఆ తాడును క్యాటపుల్ట్‌కు తగిలిస్తారు. ఆవిరి వదలగానే రెండు మూడు క్షణాల్లో విమానం నిలబడినచోటు నుంచి గాలిలోకి వెళ్ళిపోతుంది. ఓడను కూడా గాలికి ఎదురుగా తిప్పి వేగంగా నడుపుతారు. వీచే గాలీ, ఓడ వేగమూ కలిసి రెక్కలకు బలమిస్తాయి.

దిగేటప్పుడు ఇంకో పద్ధతి. విమానం తోక కింద ఒక పొడవాటి కొక్కెం ఉంటుంది. డెక్కు మీద అడ్డంగా ఉక్కు తాళ్ళు కట్టి ఉంటాయి. కొక్కెం ఏదో ఒక తాడును పట్టుకోవాలి. పట్టుకుంటే విమానం కొద్ది గజాల్లో ఆగిపోతుంది. పట్టుకోకపోతే వెంటనే మళ్ళీ గాలిలోకి లేవాలి. అందుకే చక్రాలు డెక్కుకు తగలగానే పైలట్ ఇంజను వేగం తగ్గించడు, పెంచుతాడు. ఆగడానికి వచ్చినవాడు పారిపోయేవాడిలా రావాలి. ఎంత చిత్రమైన విద్యో చూడండి.

మాట లేని చోటు

విక్రాంత్ మీద మొదట్లో ఉన్న జెట్ విమానం పేరు సీ హాక్. ఒక్కడే కూర్చునే విమానం. ముక్కులో నాలుగు తుపాకులు, రెక్కల కింద బాంబులు, రాకెట్లు. దానికి తోడుగా ముందు పంకా ఉండే అలిజే అనే ఫ్రెంచి విమానం. అందులో ముగ్గురు కూర్చుంటారు.

మన పెద్దాయన ఒకరు డెక్కు మీద విమానాలను నడిపించి నిలబెట్టే దళంలో ఉండేవారు. ఆయన మాటల్లో చెబుతాను.

"ఇంజను వేశాక మనిషి మాట మనిషికి వినపడదు మాస్టర్ సాబ్. ఎంత అరిచినా అంతే. అక్కడ చెయ్యే నోరు. ముందుకు రమ్మంటే ఒక సైగ, ఆగమంటే ఒక సైగ, రెక్కలు విప్పమంటే ఒక సైగ. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసేశానని రెండు చేతులూ బయటికి చూపించాలి. నేను చూపించాకే పైలట్ కదులుతాడు. వెనక నిలబడితే జెట్టు గాలి మనిషిని ఎత్తి సముద్రంలో పారేస్తుంది. ముందు నిలబడితే లోపలికి లాగేస్తుంది. అలిజే అయితే ఇంకా కష్టం. దాని పంకా తిరుగుతుంటే రాత్రిపూట కనపడదు. అక్కడ పంకా ఉందని గుర్తుపెట్టుకుని నడవాలి."

ఇంజనులు చూసే పెద్దాయన మరొకరు. ఆయన చెప్పిన సంగతి నా మనసులో బాగా నాటుకుపోయింది. విమానాలు ఎగరడానికి ముందు డెక్కు మీద ఉన్నవారంతా, పెద్ద అధికారీ చిన్న నావికుడూ తేడా లేకుండా, వరుసగా నిలబడి తలలు దించుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. ఏం వెతుకుతారు? ఒక నట్టు, ఒక మేకు, ఒక తీగ ముక్క. జెట్ ఇంజను గాలిని లోపలికి పీలుస్తుంది. గాలితోపాటు ఒక చిన్న నట్టు వెళ్ళినా లోపల గిర్రున తిరిగే రేకులు విరిగిపోతాయి. ఇంజను ఆగిపోతుంది. కింద సముద్రం. అంతే.

"పని అయ్యాక పానాలు, స్క్రూడ్రైవర్లు లెక్కపెట్టుకోవాలి" అన్నారాయన. "ఒక్కటి తగ్గినా ఆ విమానం కదలడానికి వీల్లేదు. అది దొరికేదాకా అందరం వెతకాల్సిందే. దొరికాక పుస్తకంలో సంతకం పెట్టాలి. నేను సంతకం పెట్టానంటే, ఈ విమానానికి నేను జామీను అని అర్థం. పైలట్ వచ్చి నా సంతకం కింద తన సంతకం పెట్టి ఎక్కేవాడు."

సోదరులారా, ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన దీన్‌లో అమానత్‌కు ఎంత విలువ ఉందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఒకరు మన మీద నమ్మకంతో అప్పగించిన దానిని చెడిపోకుండా తిరిగి అప్పగించడం అమానత్. డబ్బు విషయంలో అమానత్ మనందరికీ తెలుసు. పనిలో అమానత్ అంటే ఏమిటో ఆ సంతకం చెబుతుంది. పైలట్ ఎక్కే ముందు మెకానిక్కు పేరు అడగడు, కులం అడగడు, మతం అడగడు. బొటనవేలు పైకెత్తాడా లేదా అని చూస్తాడు. ఆ వేలి మీద తన ప్రాణం పెట్టి వెళతాడు.

పొరపాటు చిన్నదైనా దాని ఫలితం ఎంత పెద్దదో ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళతాను. 1967 జూలై 29న వియత్నాం దగ్గర సముద్రంలో అమెరికా వారి "ఫారెస్టల్" అనే విమానవాహక నౌక మీద, కరెంటు సంబంధమైన లోపం వల్ల ఒక విమానం కింద ఉన్న రాకెట్ దానంతటదే పేలి దూసుకుపోయింది. ఎదురుగా నిలబడిన విమానాల్లో పెట్రోలు అంటుకుంది, బాంబులు పేలాయి. 134 మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడి నౌకాదళంలో ప్రతి నావికుడికీ మంటలార్పడం నేర్పించే పద్ధతిని గట్టిపరిచారు. డెక్కు మీద నియమాలు ఎందుకంత కఠినంగా ఉంటాయో దీన్నిబట్టి మనం అర్థం చేసుకోవచ్చు.

పగిలిన బాయిలరు, 1971

ఇక 1971 సంగతి. ఇందులో మన విశాఖకు కూడా భాగం ఉంది.

యుద్ధానికి ముందు ఏడాది విక్రాంత్ బాయిలర్లలో పగుళ్ళు కనిపించాయి. వెల్డింగుతో బాగయ్యే పగుళ్ళు కావవి. కొత్త భాగాలు బ్రిటన్ నుంచి రావాలి. నాలుగు బాయిలర్లలో ఒకటి పనికిరాకుండా పోయింది. మిగిలిన మూడింటికీ చుట్టూ ఉక్కు పట్టీలు బిగించారు. ఆవిరి ఎక్కడైనా కారుతుందేమో కనిపెట్టడానికి చూసే కిటికీలు అమర్చారు. సుమారు 25 నాట్ల వేగంతో నడవగల ఓడను 14 నాట్లకు మించి నడపవద్దని ఆంక్ష పెట్టారు.

ఇప్పుడు మీకు చిక్కు అర్థమై ఉంటుంది. ఓడను నడిపేది ఆవిరే. విమానాన్ని విసిరేదీ ఆవిరే. ఓడ వేగం తగ్గితే రెక్కలకు గాలి చాలదు. అలాంటి ఓడను యుద్ధానికి పంపాలా, రేవులోనే ఉంచాలా అని పెద్ద చర్చ జరిగింది. 1965 యుద్ధంలో విక్రాంత్ మరమ్మతులో ఉండి సముద్రం మీదికి వెళ్ళలేదు. ఈసారి కూడా వెళ్ళకపోతే విమానవాహక నౌక ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. చివరకు అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా పంపడానికే నిర్ణయించారు. ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్. విమానాల బరువు తగ్గించి, లెక్కలు కట్టి, దిగడం ఎక్కడం అభ్యాసం చేశారు.

బాయిలరు గదిలో పనిచేసిన పెద్దాయనకు ఆ రోజులు కళ్ళకు కట్టినట్లు ఉన్నాయి. "పైన డెక్కు మీద ఉన్నవాళ్ళకు ఆకాశం కనపడేది. మాకు గేజీ ముల్లు ఒక్కటే కనపడేది" అన్నారు. "విమానం వెళ్ళినప్పుడల్లా ఆవిరి ఒక్కసారి తగ్గేది. దాన్నిబట్టి లెక్కపెట్టుకునేవాళ్ళం, ఒకటి, రెండు, మూడు అని. తిరిగి వచ్చినప్పుడు డెక్కు మీద పడ్డ దెబ్బ కింద దాకా వినిపించేది. అప్పుడు మళ్ళీ లెక్క. వెళ్ళినన్నీ వచ్చాయంటే అల్‌హమ్దులిల్లా. నేను యుద్ధమంతా చెవితోనే చూశాను."

1971 నవంబరు 13న తూర్పు నౌకాదళం ఓడలు అండమాన్ వైపు బయలుదేరాయి. విక్రాంత్‌ను ఆ దీవుల్లో ఒక మారుమూల రేవులో దాచి ఉంచారు. ఆ ఓడను ముంచడానికే పాకిస్తాన్ "ఘాజీ" అనే జలాంతర్గామిని పంపింది. విక్రాంత్ ఇక్కడే మద్రాసు, విశాఖల మధ్య తిరుగుతున్నదని శత్రువు నమ్మేలా మనవాళ్ళు వైర్‌లెస్ సందేశాలు పంపారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే పాత ఓడ విక్రాంత్ వేషం కట్టింది. డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారితే 4 అనగా, మన విశాఖ తీరంలో పెద్ద పేలుడు వినిపించింది. తెల్లవారాక మన జాలరులకే సముద్రం మీద తేలుతున్న వస్తువులు కనిపించాయి. ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన పేలుడు పదార్థాల వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్పింది. సొంత మైన్ల వల్లనో, లోపల జరిగిన పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ వారు చెప్పారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషులు ఆ ఓడతోనే సముద్రం పాలయ్యారు. ఈ సంగతి చెప్పేటప్పుడు మన పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మేము మునగాల్సిన నీళ్ళలో వాళ్ళు మునిగారు. యుద్ధం యుద్ధమే. కానీ సముద్రం మింగినవాడి తల్లి ఏ ఊళ్ళోనైనా తల్లే" అన్నారు.

డిసెంబరు 4 ఉదయం విక్రాంత్ నుంచి ఎనిమిది సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ విమానాశ్రయం మీద దాడి చేశాయి. అదే రోజు చిట్టగాంగ్ మీద దాడి జరిగింది. సీ హాక్‌లు పగలు, అలిజేలు రాత్రి. యుద్ధం ముగిసేదాకా డెక్కుకు విశ్రాంతి లేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కూ, సీ హాక్ దళానికి నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకూ మహావీర్ చక్ర వచ్చింది. ఆ ఓడ వారికి మొత్తం రెండు మహావీర్ చక్రలూ, పన్నెండు వీర్ చక్రలూ వచ్చాయి. వారందరికీ మనం రుణపడి ఉన్నాం. అయితే ఆ మూడు బాయిలర్ల పక్కన పట్టీలు చూసుకుంటూ నిలబడిన వారి పేర్లు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి?

ఓడ మీద ఈద్

ఇక్కడ మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఓడలు అండమాన్ వైపు బయలుదేరిన ఆ నవంబరు 13 రంజాన్ నెలలో వచ్చింది. వారం తరువాత ఈదుల్ ఫితర్. అంటే మన పెద్దలు ఆ ఈద్‌ను ఎక్కడున్నామో ఇంటికి చెప్పుకోలేని చోట, ఒక దీవి పక్కన, ఓడ మీద చేసుకున్నారు.

"సహరీకి లేపే బాధ్యత ఒక మలయాళీ కుర్రవాడు తనకుతానే తీసుకున్నాడు" అని డెక్కు పెద్దాయన చెప్పారు. "ఇఫ్తార్ వేళకు నా డ్యూటీ పడితే ఒక బెంగాలీ దోస్తు వచ్చి పది నిమిషాలు నా చోట నిలబడేవాడు. ఈద్ రోజు వంటశాలలో సేమ్యా చేయించింది మా పంజాబీ పెట్టీ ఆఫీసరు. కొత్త బట్టలు లేవు, యూనిఫారమే. నమాజు చదువుకుని అందరితో గలే మిలి, మళ్ళీ విమానాల దగ్గరకు వెళ్ళిపోయాం."

ఇంటి దగ్గర ఆయన భార్యకు ఆ ఈద్ వేరుగా గుర్తుంది. భర్త నుంచి ఉత్తరం లేదు. ఊళ్ళో దీపాలు ఆర్పేసే రోజులు వచ్చాయి. "రేడియోలో విక్రాంత్ అన్న మాట వినపడితే వంట వదిలేసి పరుగెత్తేదాన్ని" అన్నారావిడ. "ఓడ బాగుందని చెప్పేవాళ్ళు. ఓడలో మనిషి బాగున్నాడో లేదో రేడియో చెప్పదు కదా బాబూ." యుద్ధం జరిగింది సముద్రం మీద ఒక్కచోటే కాదు. పొయ్యి దగ్గర కూడా జరిగింది. ఆడవారి జ్ఞాపకాలను కూడా మనం అడిగి తీరాలి.

మనలాంటివారు ఆయనను ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటారు. "పాకిస్తాన్‌తో యుద్ధం కదా చాచా, అప్పుడు మిమ్మల్ని ఎవరైనా అనుమానంగా చూశారా?" అని. నేనూ ఆ జవాబు కోసం ఎదురుచూశాను. ఆయన నవ్వి, "డెక్కు మీద అనుమానం ఉంటే విమానం ఎగరదు బేటా. దిమ్మలు తీశానని నేను చెయ్యి చూపిస్తే వాడు నమ్మాలి. వాడు నమ్మాడు. ఎనిమిది వెళ్ళాయి. ఇంకేం రుజువు కావాలి?" అన్నారు. మన పిల్లలు ఎక్కడైనా ఇలాంటి ప్రశ్న ఎదుర్కోవలసి వస్తే కోపం తెచ్చుకోకుండా చెప్పుకోదగిన జవాబు ఇది. పని శుభ్రంగా చేసినవాడు తల దించుకోనక్కరలేదు.

ఓడ పోయింది, మనుషులు మిగిలారు

కాలం మారింది. 1983లో సీ హారియర్ విమానాలు వచ్చాయి. అవి నిలువుగా దిగగలవు. వాటికి కొక్కెమూ అక్కర్లేదు, ఆవిరి వడిసెలా అక్కర్లేదు. డెక్కు ముందు భాగాన్ని గెంతుబల్లలాగా పైకి వంచి కట్టారు. ఉక్కు తాళ్ళ దగ్గర పెరిగినవారు మళ్ళీ కొత్త విద్య నేర్చుకున్నారు. 1987లో విరాట్ అనే రెండో ఓడ వచ్చింది. విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుంచి తప్పుకుంది. కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉంది. 2014లో దాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఉక్కులో కొంత బజాజ్ కంపెనీ వారు కొని మోటారు సైకిళ్ళలో వాడారు. సీ హారియర్లు 2016లో సెలవు తీసుకున్నాయి. విరాట్ కూడా 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి, ఓడలు విప్పే చోటికి చేరింది.

2022 సెప్టెంబరు 2న కొత్త విక్రాంత్ కొచ్చిలో నౌకాదళంలో చేరింది. ఇది మన దేశంలోనే కట్టిన ఓడ. పొడవు 262 మీటర్లు. దాని మీద 2023 ఫిబ్రవరిలో మన దేశంలో తయారైన తేజస్ నౌకాదళ విమానం దిగింది. ఇది మనందరికీ సంతోషకరమైన విషయం.

కానీ పాత విక్రాంత్ సంగతి ఆలోచించండి. ఇప్పుడు దాన్ని చూడాలంటే చూడటానికి లేదు. మన బీచ్ రోడ్డు మీద కుర్‌సురా జలాంతర్గామి ఉంది, 1971 విజయ స్మారకం ఉంది, టి.యు. 142 విమానం ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం. పాత విక్రాంత్ డెక్కు మాత్రం ఇక మనుషుల జ్ఞాపకంలోనే ఉంది. 1971లో ఇరవై ఏళ్ళున్న కుర్రవాడికి ఇప్పుడు డెబ్బై దాటిపోయాయి. మన జనాజా నమాజుల్లో ప్రతి ఏడూ అలాంటివారు ఒకరిద్దరు ఉంటున్నారు. వారితోపాటు ఆ చేతి సైగలూ, ఆ పానాల లెక్కా, ఆ ఈద్ సేమ్యా కూడా మట్టిలో కలిసిపోతున్నాయి. ఓడను కాపాడటం మన చేతిలో లేదు. జ్ఞాపకాన్ని కాపాడటం మన చేతిలో ఉంది.

మనం చేయగలిగింది

అందుచేత సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది. నౌకాదళంలో, సైన్యంలో, వైమానికదళంలోనే కాదు, రేవులో, రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దల దగ్గరకు మన పిల్లలు వెళ్ళాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది, మాట రికార్డు చేసుకోవచ్చు. "యుద్ధం గురించి చెప్పండి" అని అడిగితే వారు "ఏముంది చెప్పడానికి" అంటారు. అలా అడగకండి. ఉదయం ఎన్నింటికి లేచేవారు, చేతిలో ఏ పనిముట్టు ఉండేది, ఏం తినేవారు, ఎప్పుడు భయం వేసింది, పక్కన ఎవరు పనిచేసేవారు అని అడగండి. అప్పుడు ఒక్కొక్కటీ బయటికి వస్తుంది. వినపడని చెవి వైపు కూర్చోకండి, రెండో వైపు కూర్చోండి. ఎక్కడో రహస్యమైన సంగతి చెప్పననుకుంటే బలవంతం చేయకండి. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, సరే అన్నాకే ఉంచండి. ఉర్దూలో చెబితే ఉర్దూలోనూ, తెలుగులోనూ రాయిద్దాం. రాయించే పని మా పాఠశాల ఉపాధ్యాయులం చూసుకుంటాం. ఒక ప్రతి సంఘం గ్రంథాలయంలో ఉంటుంది, ఒక ప్రతి ఆ ఇంట్లో ఉంటుంది.

రెండవది. హునర్ నేర్చుకునే పిల్లవాడిని చిన్నచూపు చూడటం మానుకుందాం. "డాక్టరు కాలేదు, ఇంజనీరు కాలేదు, మెకానిక్కు అయ్యాడు" అని నిట్టూర్చే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. అబ్దుల్ కలాం గారిని గుర్తుచేసుకోండి. యువకుడిగా వైమానికదళంలో పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళ్ళారు. ఎనిమిది ఉద్యోగాలుంటే ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచారు. విమానం నడిపే అవకాశం పోయింది. రాకెట్లు తయారుచేసే పనిలోకి వెళ్ళారు. తరువాత దేశాధ్యక్షులై, 2006 ఫిబ్రవరిలో మన విశాఖ సముద్రంలోనే సింధురక్షక్ జలాంతర్గామిలో నీటి కిందికి వెళ్ళి వచ్చారు. కుర్చీలో కూర్చునేవాడికి ఎంత గౌరవమో, ఆ కుర్చీని బిగించినవాడికీ అంతే గౌరవం ఇవ్వాలి.

ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషు అంటే భయం, అందుకని సాంకేతిక పనులవైపు వెళ్ళరు అని ఒక మాట ఉంది. అందులో కొంత నిజం ఉంది. ఆ ఇంజను పెద్దాయన కూడా ఉర్దూ మీడియంలోనే చదివారు. "నాకు మొదట్లో ఇంగ్లీషు పుస్తకం అర్థం కాలేదు. బొమ్మ చూసి, భాగం చూసి, పేరు పక్కన ఉర్దూలో రాసుకున్నాను. ఆరు నెలల్లో అర్థమైంది" అన్నారు. ఆ కాపీ పుస్తకం ఇప్పటికీ ఆయన పెట్టెలో ఉంది. నేను చూశాను. కుడి నుంచి ఎడమకు ఉర్దూ, ఎడమ నుంచి కుడికి ఇంగ్లీషు, మధ్యలో ఇంజను బొమ్మ. మా విద్యార్థులకు నేను చెప్పే పాఠాలన్నిటికంటే ఆ ఒక్క పేజీ ఎక్కువ చెబుతుంది.

2022 నుంచి నౌకాదళంలో నావికులుగా చేరే దారి అగ్నివీర్ పథకం ద్వారా ఉంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివినవారికి ఒక దారి, పదవ తరగతి పాసైనవారికి మరొక దారి. ఆడపిల్లలకు కూడా అవకాశం ఉంది. మొదట నాలుగేళ్ళ సేవ, ఆ తరువాత కొందరినే కొనసాగిస్తారు. అది తెలుసుకునే వెళ్ళాలి, తెలియకుండా వెళ్ళి తరువాత బాధపడకూడదు. వెళ్ళినా వెళ్ళకపోయినా, పని నేర్చుకోవడంలో మాత్రం ఆ డెక్కు మీది పద్ధతిని పట్టుకోమంటాను. పనిముట్లు లెక్కపెట్టు, పని పూర్తయ్యాక మళ్ళీ ఒకసారి చూడు, నమ్మకం కుదిరితేనే సంతకం పెట్టు. ఆటో గ్యారేజీలోనైనా, కరెంటు పనిలోనైనా, మందుల షాపులోనైనా ఇదే.

మూడవది. వచ్చే ఏడాది ఇదే సభలో, ఇలాంటి పెద్దల్ని వేదిక మీదికి పిలిచి కూర్చోబెడదాం. దండలు వద్దు. ప్రసంగం చేయమని ఇబ్బంది పెట్టవద్దు. మన పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి తాము రాసుకున్న జ్ఞాపకాన్ని వారి ఎదుటే చదవాలి. చివరలో డెక్కు పెద్దాయన మన పిల్లలకు ఆ చేతి సైగలు నేర్పుతానని మాట ఇచ్చారు. రెక్కలు విప్పమనేదీ, దిమ్మలు తీశామనేదీ, ఇక వెళ్ళమనేదీ. మాట వినపడని పెద్దాయన మన పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే మంచి భాష ఉండదనుకుంటాను.

 ఆ డెక్కు మీద పనిచేసి మన మధ్య ఉన్నవారికి అల్లాహ్ ఆరోగ్యం ప్రసాదించుగాక. వెళ్ళిపోయినవారిని ఆయన మన్నించి కరుణించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్. జై హింద్.